జీపు గొప్పా, రేకు డబ్బా గొప్పా

మా అన్న ముందు పన్ను ఒకటి సగమే ఉంటుంది. మిగతా సగం శ్రీరాంపూర్‌లో మా క్వార్టర్ వెనక షెడ్డులో, నూనె మరకల మధ్య ఎక్కడో పడిపోయింది. దాన్ని రాలగొట్టింది మా బాపు. గొడవ ఆస్తి గురించి కాదు, పెళ్లి గురించి కాదు, తాగి కూడా కాదు. బురదలో, రాళ్లలో, మట్టి దారి మీద ఏ బండి గొప్పది అన్న మాట మీద. నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఇంట్లో ఆ మాట మీద మొదట పన్ను పోయింది, తర్వాత కాలు పోయింది, ఆ తర్వాత తండ్రికీ కొడుక్కీ మధ్య మాటలే పోయాయి. పన్నూ కాలూ ఎలాగూ తిరిగిరావు. మాటలైనా తిరిగొస్తాయని మా అవ్వా నేనూ ఏళ్లకేళ్లు కాచుకుని కూర్చున్నాం.

మాది బొగ్గు కుటుంబం. బాపు వయసులో ఉన్నప్పుడు గని లోపల పనిచేశాడు. పైకప్పు కూలి భుజం దెబ్బతిన్నాక పైకి తెచ్చి, సర్వే చేసేవాళ్ల జీపుకు డ్రైవర్‌ని చేశారు. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టల మీద, పేలుళ్ల దుమ్ములో, మోకాలి లోతు బురదలో ఆ జీపును నడిపి నడిపి, దేవుడు తర్వాత జీపే అనే స్థితికి వచ్చాడు. కంపెనీ పాత జీపుల్ని వేలం వేస్తే ఒకటి పాడుకుని ఇంటికి తెచ్చాడు. అవ్వ ఆదిలాబాద్ పిల్ల. పెళ్లికి ముందు జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తిపోసే పని చేసేది. మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. మధ్యాహ్నం గనిలో పేలుడు అయితే అటక మీద గిన్నెలు గలగలలాడతాయి, ఆ మోతలో వినపడాలంటే అరవాలి. అలా అరిచి అరిచి అరుపే మా మాట అయిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోళ్లు మంచివి కావు. అయినా ఆ కాలనీ మమ్మల్ని భరించింది, పుణ్యాత్ములు.

పత్తి ఏరడం అయిపోయి చేలు ఖాళీ అయ్యాక, ఎండలు ముదరక ముందు, మా వైపు మట్టి దారుల మీద కార్ల పోటీలు పెట్టేవాళ్లు. ఆదిలాబాద్ పోయే దారిలో ఇచ్చోడ దాటాక హైవే దిగి లోపలికి పోతే చేల మధ్య ఎడ్లబండ్ల బాటలు, అడవి అంచు, వాగులు. బండ్లను ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా వదులుతారు. తక్కువ సమయంలో చివరికి చేరినవాళ్లదే గెలుపు. బండికి ఇద్దరు. ఒకరు నడపాలి, ఇంకొకరు పక్కన కూర్చుని ముందే రాసుకున్న మలుపులూ గుంతలూ చదివి చెప్పాలి. అన్న నడిపేవాడు, నేను చదివేదాన్ని. చెల్లెను ఎందుకు ఎక్కించుకున్నావురా అని అడిగినవాళ్లకు మా అన్న జవాబు ఒకటే.

"మొగోళ్లు వాంతులు చేస్కుంటున్నరు. గిది చేస్కోదు."

పొగడ్త అనుకోవాలో తిట్టు అనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పోటీలో తరగతులు మూడు. మొదటిది కంపెనీ తరగతి. షోరూమ్‌లోంచి వచ్చిన చిన్న కారును వచ్చింది వచ్చినట్టే నడపాలి, ఇంజిన్ మీద చెయ్యి వెయ్యకూడదు. పల్టీ కొడితే పైకప్పు నెత్తి మీదికి దిగకుండా లోపల ఇనుప పైపుల పంజరం, బిగుతు బెల్టులు, మంటలార్పే సిలిండర్ మాత్రం పెట్టుకోవాలి. ఆ బండి గాడిదతో సమానం. తొందరపడదు, చావదు. లాగేవీ ముందు చక్రాలే, తిరిగేవీ ముందు చక్రాలే. అందుకని మలుపులో బురద తగిలిందంటే మొండికేసి నేరుగా చేలోకి పోతుంది. హ్యాండ్‌బ్రేకు గుంజి దాని వెనక భాగాన్ని బలవంతాన తిప్పాలి. తిరిగేటప్పుడు పక్క సీట్లో ఉన్నవాళ్ల మెడ ఎటు పోతుందో ఎవరికీ పట్టదు. ఆ మెడ నాది.

రెండోది కోత తరగతి. దానికి ఇంగ్లిష్‌లో ఏదో పెద్ద పేరుంది. మా షెడ్డుల్లో మాత్రం కోసిన బండి అనేవాళ్లు. అదే చిన్న కారును తెచ్చి వెనక సీటు పీకి, కార్పెట్ చింపి, తలుపుల లోపలి అట్టలు ఊడబెరికి, అద్దాల చోట ప్లాస్టిక్ పలకలు బిగిస్తారు. ఇంజిన్ తల చెక్కి, పెద్ద కార్బరేటర్ పెట్టి, సైలెన్సర్ తీసి వట్టి గొట్టం వేస్తారు. గట్టి షాకులు, దగ్గర దగ్గర గేర్లు. ఇక అది కారు కాదు, కోపం. గేరు వేస్తే వీపు మీద ఎవరో తన్నినట్టుంటుంది. ఎండిన చేలల్లో, గట్టి మొరం మీద దానికి ఎదురు లేదు. కాకపోతే ఎక్కడ విరుగుతుందో దానికే తెలియదు. ఒకసారి గేర్ డబ్బా పట్టీ తెగి అది నా కాళ్ల కింద నేలను ఢీకొంటే, ఆ రేకు ఉబ్బి నా మడమకు తగిలింది. అన్నకు ఆ తరగతి అంటే ప్రాణం.

మూడోది జీపులు, బాపు తరగతి. నాలుగు చక్రాలకూ పవర్, తక్కువ గేరు వేస్తే చెట్టును కూడా వేళ్లతో పీకేస్తుంది. తిన్నని దారిలో అన్న కారు దాని పక్క నుంచి ఈల వేసుకుంటూ పోయేది. గట్టి మలుపులో జీపు తన బరువుకు తనే ఒరిగి పడేది. కానీ అసలు తీర్పు మా నల్లరేగడిది. ఒక్క అకాల వాన పడిందా, ఆ మట్టి చక్రాలకు చుట్టుకుని, చక్రం మడ్‌గార్డులో ఇరుక్కుని, చిన్న కార్లు వరసగా చేలల్లో పీనుగుల్లా పడుండేవి. జీపులు మాత్రం మూలుగుతూ, బురద కక్కుతూ, నడిచి వచ్చినట్టు వచ్చేవి. ఆ రోజు బాపు మొహం చూడాలి, పండగే.

నేను చూస్తుండగానే మూడూ మారాయి. మొదట్లో పంజరం బలవంతం కాదు. మా అన్న స్నేహితుడొకడు పైకప్పు కింద నలిగి మెడ విరిగి పోయాక అయింది. కార్బరేటర్లు పోయి ఇంజిన్‌కు కంప్యూటర్ వచ్చింది. పానా పట్టుకున్న చేతులు ల్యాప్‌టాప్ పట్టుకున్నాయి. జీపుల కింద కమాన్ పట్టీలు పోయి స్ప్రింగులు వచ్చాయి, అప్పటి నుంచి అవీ మలుపుల్లో నిలబడటం నేర్చుకున్నాయి. ప్రతి మార్పు వెనకా ఎవరిదో ఒకరి ఎముక ఉంది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, చూసి అంటున్నది.

ఇక పన్ను సంగతి. ఒక ఏడాది అన్న కోత తరగతి గెలిచాడు. అతని సమయం జీపులన్నిటి కంటే తక్కువ. ఇంటికొచ్చి షెడ్డులో జీపు బానెట్ మీద దండ పెట్టి, "బాపూ, నీ బర్రెకు సంతాపం" అన్నాడు. నేను నవ్వాను. బాపు నవ్వలేదు.

"ఎండల ఉరికినవ్ రా నువ్వు. ఒక్క వాన పడనియ్, నీ రేకు డబ్బాను నా జీపుతోనే ఈడ్సుకచ్చేది."

"ఆడలేక మద్దెల ఓడన్నడట. వాన పడితెనే గెలిచే బండి బండేనా? అట్లయితె దున్నపోతును తెచ్చి కట్టు!"

బాపు చేతిలో పెద్ద పానా ఉంది. కొట్టాలని ఎత్తాడో, విసిరేయాలని ఎత్తాడో నేను చెప్పలేను. అది అన్న మూతికి తగిలింది. అన్న రక్తం ఉమ్మి, జాకీ రాడ్ అందుకుని జీపు ముందు లైట్లు రెండూ పగలగొట్టాడు. అవ్వ మధ్యలోకి పోయి చీపురుతో ఇద్దర్నీ బాదింది. సాయంత్రం ముగ్గురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని జొన్న రొట్టెలు తిన్నారు. అన్న పంటి నొప్పితో చారులో ముంచుకుని తిన్నాడు. మా కొట్లాటలు అలా ఉండేవి. పొద్దున కొట్టుకుంటే సాయంత్రానికి కలిసేవాళ్లం.

తర్వాతి ఏడాదికి అన్న కారును ఇంకా కోశాడు. కింద పొగ గొట్టం రాళ్లకు తగులుతోందని దాన్ని పైకెత్తి నేల రేకుకు ఆనించినంత దగ్గరగా బిగించాడు. గొట్టానికీ నేలకూ మధ్య వేడి ఆపే రేకు ఒకటి కంపెనీవాళ్లు పెడతారు. అది గడగడమంటోంది, బరువు కూడా అని పీకి మూలకు విసిరాడు. కంపెనీ తరగతి కారులో ఆ రేకు ఉంటుంది, దాని మీద కార్పెట్ ఉంటుంది, నీ కాళ్లు చల్లగా ఉంటాయి. కోత తరగతిలో నీ చెప్పుల కింద వట్టి ఇనుము, దాని కింద ఎర్రగా కాగిన గొట్టం. సాధన చేసిన మొదటి రోజే నా అరికాళ్లు బొబ్బలెక్కాయి.

అవ్వ ఆ బొబ్బలు చూసింది. అన్నను దొరికిన తిట్టల్లా తిట్టింది.

"ఆడపిల్ల కాళ్లు కాల్సినవ్ గదరా, నీ బండి మీద మన్ను వడ!"

తిట్టడంతో ఊరుకోలేదు. ఆదిలాబాద్ నుంచి తమ్ముడితో మంచి పత్తి తెప్పించింది. పాత నూలు చీరల మధ్య ఆ పత్తి పరిచి, గోనె సూదితో దగ్గర దగ్గరగా కుట్టి, నా కాళ్ల కిందికి సరిగ్గా సరిపోయే బొంత తయారు చేసింది. మా అవ్వ ప్రేమ ఎప్పుడూ బొంత రూపంలోనే ఉండేది. ఎవరికి జ్వరమొచ్చినా బొంత, ఎవరికి బిడ్డ పుట్టినా బొంత. అన్న దాన్ని నేల మీద పరిచి, దాని అంచుల మీదే నా సీటు బోల్టులు బిగించేశాడు. కాళ్లు పెట్టి చూశాను. మెత్తగా, హాయిగా ఉంది.

పత్తి గురించి మా అవ్వకు తెలియనిది లేదు. మిల్లు రోజుల గురించి చెప్పినప్పుడల్లా నిప్పు గురించే చెప్పేది. యంత్రంలో రాయి పడి రవ్వ లేస్తే చాలు, పత్తి కుప్పకు అంటుకుంటుంది. పైన నీళ్లు కొడితే మంట ఆరుతుంది, లోపల మాత్రం పురుగు తొలిచినట్టు తొలుస్తూనే ఉంటుంది. "పత్తికంటిన నిప్పు ఆరిందనుకోవద్దు. ఇప్పి, పీకి, దూరంగ పారెయ్యాలె," అనేది. అన్నీ తెలిసిన మనిషే ఆ బొంత కుట్టింది. ఆవిడ లెక్కలో నిప్పంటే రవ్వ. కారు లోపలికి రవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్రగా కాగిన గొట్టం నేల రేకుకు ఆనుకుని ఉంటుందని ఆమెకెలా తెలుస్తుంది? బొగ్గు తవ్వేవాళ్లం, పత్తి ఎత్తినవాళ్లం, నిప్పుతో పుట్టి పెరిగినవాళ్లం. మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

పోటీ రోజు పొద్దున మళ్లీ లొల్లి. ముందు రోజు చిన్న జల్లు పడింది. బాపు ఆకాశం చూసి, చేలు చూసి, అన్న కారు ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాల పోకు. వాగు కాడ మట్టి మంచిగ లేదు."

"నీ జీపు పోతది గని నా బండి పోదంటవు, అంతేనా?"

"గా డబ్బా ఎక్కితె కాళ్లు ఇరగ్గొడ్త బిడ్డా, చెప్తున్న!"

ఈ మాట మా వైపు ప్రతి తండ్రీ రోజుకోసారి అంటాడు. మార్కులు తక్కువొస్తే కాళ్లు విరగ్గొడతాడు, సినిమాకు పోతే కాళ్లు విరగ్గొడతాడు. ఎవరూ లెక్కచెయ్యరు. అన్నా లెక్కచెయ్యలేదు, హెల్మెట్ పెట్టుకున్నాడు. బాపు ఆ ఏడు పోటీలో లేడు, భుజం సహకరించడం లేదు. అయినా జీపు తీసుకుని వెనకే వచ్చాడు. ఇరుక్కున్న బండ్లను లాగేందుకు నిర్వాహకులు అతన్ని చివరి వాగు దగ్గర నిలబెట్టారు. తనిఖీ చేసినవాళ్లు మా బెల్టులు గుంజి చూశారు, పంజరం తట్టి చూశారు. నా కాళ్ల కిందికి ఎవరూ తొంగిచూడలేదు.

మొదటి సగం కారు దెయ్యం పట్టినట్టు పోయింది. నేను అరుస్తున్నాను, అన్న తిప్పుతున్నాడు, రాళ్లు కింద తుపాకీ గుండ్లలా తగులుతున్నాయి. కట్ట మీద నిలబడ్డ మరాఠీ కుర్రాళ్లు "పళ, పళ" అని, ఉరికించమని కేకలు వేస్తున్నారు. అప్పుడు నా ముక్కుకు వాసన తగిలింది. చీర కాలిన వాసన.

"అన్నా, ఏదో కాలుతుంది!"

"క్లచ్చు వాసన. సదువు!"

చదివాను. తర్వాతి మలుపుకు నా కాళ్ల మధ్య నుంచి పొగ లేచింది, దాని వెంటే నాలుకంత మంట. అన్న బ్రేకు వేశాడు. సిలిండర్ తీసి పొడి మొత్తం కొట్టాడు, నీళ్ల సీసాలు రెండూ కుమ్మరించాడు. మంట ఆరింది. బొంత తెల్లగా, తడిగా, అమాయకంగా పడుంది. నేను దాన్ని పీకబోయాను. రాదే! అంచుల మీద సీటు బోల్టులు.

"బోల్టులిప్పు! అవ్వ ఏం చెప్పింది? పత్తి నిప్పు ఆరదు! పీకి పారెయ్యాలె!"

"ఆరింది గదనే! ఇంక రెండు గుట్టలు దాటితె అయిపాయె. ఇప్పుడు ఆగితె ఆయనే నవ్వుతడు."

"నవ్వనీ! చస్తమా ఏంది నవ్వితె?"

అన్న నా హెల్మెట్ మీద చేత్తో ఒక్కటి పీకాడు. కారు కదిలింది. నేను ఏడుస్తూ, తిడుతూ, మలుపులు చదివాను. చదవకపోతే అక్కడే గుట్టను కొట్టుకునేవాళ్లం.

వాగు దగ్గరికి దిగుతున్నప్పుడు లోపల తొలుస్తున్నది బయటికి వచ్చింది. ఈసారి నాలుక కాదు, సీటు కింద నుంచి గుప్పుమని లేచింది. పొగ కళ్లలో పడి అన్నకు దారి కనపడలేదు. కారు గట్టు దిగి ముక్కుతో వాగులోని బండరాయిని గుద్దింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నా తలుపు ఊడిపోయింది. నేను బెల్టు విప్పుకుని ఇసుకలో పడ్డాను, ప్యాంటు కాలుతుంటే ఇసుకలో దొర్లాను. అన్న రాలేదు. ముందు చక్రం లోపలికి దూసుకొచ్చి, క్లచ్ పెడల్ దగ్గర అతని ఎడమ కాలును ఇనుములో బిగించేసింది. గట్టు మీద జనం "ఆగ్, ఆగ్" అని మంటను చూసి వాళ్ల భాషలో అరుస్తున్నారు, ఒక్కడూ దిగడం లేదు.

బాపు దిగాడు. పరిగెత్తలేదు, జీపుతోనే దిగాడు. దాన్ని తిప్పి, వెనక కొక్కేనికి ఉన్న గొలుసు తీసి, ఆ లోపలికి చొచ్చుకొచ్చిన చక్రానికి చుట్టాడు. అతని చేతుల మీద వెంట్రుకలు కాలిపోవడం చూశాను. "వీని సంకల పట్టి గుంజు," అని నాతో అని జీపెక్కాడు. నేను అన్న పక్కకు ఉరికి, బెల్టు విప్పి, అతని చంకల కింద చేతులు వేశాను. బాపు తక్కువ గేరు వేశాడు.

గొలుసు బిగిసింది. చిన్న కారు బండరాయిని పట్టుకుని వేలాడుతోంది, జీపు లాగుతోంది. ఇనుము చిరుగుతున్న చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు వినపడింది. అన్న అరిచిన అరుపు మనిషి అరుపు కాదు.

"బాపూ, ఆపు! కాలు పోతుందే! ఆపూ!"

బాపు ఆపలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాకు పిచ్చెక్కింది. పొద్దున బాపు అన్న మాట నా చెవుల్లో గింగురుమంది, కాళ్లు ఇరగ్గొడ్త, కాళ్లు ఇరగ్గొడ్త. ఒక చేత్తో అన్నను పట్టుకుని, ఇంకో చేత్తో వాగులో రాయి తీసి జీపు మీదికి విసిరాను. నా బలమంతా పెట్టి, నా కన్నతండ్రి మీదికి. వెనక అద్దం లేని జీపు. రాయి నేరుగా పోయి, అప్పుడే వెనక్కి తిరిగిన అతని నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి కారింది. అప్పుడు కూడా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యలేదు. చక్రం ఊడి వచ్చింది. అన్న నా మీద పడ్డాడు. ఇద్దరం ఇసుకలో పాక్కుంటూ ఇటు వచ్చామో లేదో, పెట్రోల్ ట్యాంకు అంటుకుని అన్న గెలవాలనుకున్న బండి ఒక్క ఊపున లేచి పడింది.

కరీంనగర్ దవాఖానలో అన్న ఎడమ కాలును మడమ పైదాకా తీసేశారు. అవ్వ వచ్చి నన్ను అలుముకుని, నా జుట్టులో మొహం పెట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తలెత్తి అడిగింది.

"నిప్పెట్లంటుకున్నది?"

నేను నోరు తెరిచేలోపే నుదుటికి కట్టుతో గోడకానుకుని నిలబడ్డ బాపు అన్నాడు.

"పెట్రోల్ పైపు ఊడింది."

మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న అన్న, మత్తులోంచే అన్నాడు.

"అవునవ్వా. పైపే. నేనే సరిగ బిగియ్యలే."

ఇద్దరూ ముందుగా అనుకున్నది కాదు. అనుకునే సమయమెక్కడిది? బొంత మాట అవ్వ చెవిన పడకూడదని ఇద్దరికీ ఒకే క్షణంలో తోచింది. అదే వాళ్లు ఒకే మాట మీద ఉన్న చివరిసారి. మత్తు దిగాక అన్న మొహం గోడకు తిప్పుకున్నాడు.

"పొద్దుగాల అన్న మాట చేసి చూపెట్టిండు. మెల్లగ లాగితె నా కాలు దక్కు," అని నాతో అన్నాడు, బాపు వినేటట్టు.

బాపు ఆ మాటకు జవాబు అన్నకు కాదు, బయట వరండాలో నాతో చెప్పాడు. "గనిల పైకప్పు కూలినప్పుడు మావోన్ని మెల్లగ తీసినం. కాలు చూసుకుంటిమి. మనిషి పాయె." అంతే, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నుదుటి మచ్చ గురించి ఎవరడిగినా మాత్రం, "నా బిడ్డ పెట్టిన బొట్టు," అని నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

బాపు రిటైరయ్యాక నస్పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక ఒకే షెడ్డు, ఒక పక్క జీపు, ఒక పక్క అన్న పని. ఒకే కప్పు కింద, ఒకే పానాల పెట్టె వాడుకుంటూ, ఇద్దరూ ఏళ్ల పాటు ఒక్క మాట అనుకోలేదు. "పదమూడో నంబరు పానా ఏడుందో మీ బాపునడుగు," అని అన్న అవ్వకు చెప్పేవాడు. బాపు అక్కడే నిలబడి వినేవాడు. అవ్వ అడిగేది, బాపు అవ్వ చేతికిచ్చేవాడు. అరుపులు లేవు, పానాలు ఎగరలేదు. కాలనీ పాతవాళ్లు వచ్చి, "మీ ఇల్లు మంచిగ సల్లవడ్డది," అనేవాళ్లు. మండిపోయేది నాకు. ఆ నిశ్శబ్దం కంటే విరిగిన పన్నే నయమనిపించేది.

అవ్వ ఆ తర్వాత బొంతలు కుట్టడం మానేసింది. కళ్లు సరిగా కనపడటం లేదు, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానంది. వయసు కదా అనుకున్నాం.

నేను కరీంనగర్‌లో కాపురం పెట్టాను. పోటీలు వదల్లేదు. ఇప్పుడు బండ్లను తనిఖీ చేసే పని చేస్తున్నాను. ఇప్పటి కంపెనీ తరగతి కారు మా అన్న ఆనాటి కోసిన బండి కంటే వేగంగా పోతుంది, ఇంజిన్ ముట్టుకోకుండానే. జీపులు జింకల్లా దూకుతున్నాయి. ఏ తరగతి గొప్పదని కుర్రాళ్లు నన్ను అడుగుతారు. ఏ బండిలోంచి మనిషి నడిచి బయటికొస్తే అది గొప్పదని చెప్పి, సీటు కింద చెయ్యి పెడతాను. గుడ్డ పీలిక దొరికినా బయటికి విసిరేస్తాను, తిట్లతో సహా. నన్ను చూస్తే భయపడతారు. భయపడనీ.

ఈమధ్య ఓపెన్ తరగతి అని కొత్తది పెట్టారు. ఏ బండికి ఏదైనా అతికించుకోవచ్చు. అన్న మళ్లీ షెడ్డులో పడ్డాడు. కృత్రిమ కాలు మీద కుంటుతూ, చిన్న కారు తెచ్చి, క్లచ్చును కాలి దగ్గర నుంచి తీసి చేతి దగ్గరికి మార్చాడు. అంతటితో ఆగలేదు. ఒక పాత జీపు కింది భాగాలు తెచ్చి, నాలుగు చక్రాలకూ పవర్ వచ్చేటట్టు బిగిస్తున్నాడు. తన రేకు డబ్బాలో బాపు జీపును పెడుతున్నాడు. బాపు ఎదుటి మూల స్టూలు మీద కూర్చుని రోజూ అదే చూస్తున్నాడట, నోరు మెదపకుండా.

మొన్న నేను నస్పూర్ పోయినప్పుడు అవ్వా నేనూ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్నాం. అవ్వ చాటలోంచి బియ్యపు గింజంత తెల్ల రాయి ఒకటి టక్కున ఏరి అవతల పారేసింది. నాకు కనపడలేదు ఆ రాయి.

"ఏందవ్వా, సూదిల దారమెక్కియ్య కండ్లు కనవడవంటివి. గా రాయెట్ల కనవడ్డది?"

అవ్వ చాట చెరగడం ఆపింది.

"నా కండ్లకేమైంది. మంచిగనే ఉన్నయి."

"మరి?"

"ఆ దినం దవాఖానల నిన్ను అలుముకుంటి గద. నీ ఎంటికెలల్ల పత్తి కాలిన వాసనొచ్చింది. పెట్రోల్‌ది కాదు. పిల్లప్పటి సంది మిల్లుల పీల్చిన వాసన, నాకు తెల్వదా?"

ఇన్నేళ్లూ ఈ మనిషి అది మోసుకుని తిరిగిందా? కొడుకు కాలు చూస్తూ, అన్నం వడ్డిస్తూ, పానాలు అందిస్తూ?

"తెలిసి ఎందుకు చెప్పలే అవ్వా?"

"ఏం చెప్పాలె బిడ్డా. తండ్రి కొడుకు కలిసి చేసింది గా ఒక్క పనే. నా కోసం కలిసి అబద్ధమాడిన్రు. నాకు ఎరుకేనని చెప్తె గది సుత పోతది."

అప్పుడే షెడ్డులోంచి బాపు గొంతు, పాత గొంతు, గని పేలుడును దాటి వినపడే గొంతు.

"పిస్సోడా! గేర్ డబ్బా అంత మీదికి ఎవడు పెట్టుమన్నడు రా? మొదటి మలుపుకే బొర్ల పడి సస్తవ్!"

అవ్వ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. షెడ్డులో చప్పుడు లేదు. అన్న ఇప్పుడు కూడా గోడకు తిరుగుతాడనుకున్నాను.

"నీ జీపు బొర్ల పడలేదా ఎన్నడు?" అని అన్న గొంతు. "నీ సంగతి నువ్వు చూస్కో!"

"నోరు లేస్తుంది ఏందిరా?"

"లేస్తది! కాలు తీస్కుంటివి, నోరు సుత తీస్కుంటవా?"

"తీస్కోకపోతె పీనుగైతుంటివి!"

"అయితె అయినోన్ని! నీకేంది?"

"ఏమంటివి? నాకేందా? మళ్ల అను రా ఆ మాట! మళ్ల అను!"

ఇనుము మీద పానా పడ్డ చప్పుడు ఠంగుమని మోగింది. ఇంకేదో పగిలింది. నేను బియ్యం చిందేటట్టు లేచాను. అవ్వ నా ముంజేతిని గట్టిగా పట్టుకుంది. చెంపల మీద నుంచి కారుతున్నది తుడుచుకోనైనా లేదు.

"కూసో. కొట్టుకోనియ్ బిడ్డా. మాట్లాడుకుంటున్నరు."